ఆర్క్ పుట్టుకతోనే చెడ్డదా? డీ అండ్ డీ రాక్షసుల అలైన్‌మెంట్ గొడవ ఎక్కడ మొదలైంది, ఎందుకు తెగడం లేదు

2025 ఫిబ్రవరిలో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ (డీ అండ్ డీ) ఆటకు కొత్త మాన్‌స్టర్ మాన్యువల్ వచ్చింది. ఐదు వందలకు పైగా జీవులున్న ఆ పుస్తకంలో, ఫాంటసీ కథల్లో మనిషిని పోలిన యోధజాతి అయిన ఆర్క్‌కు మాత్రం విడిగా పేజీ లేదు. యాభై ఏళ్లుగా ఈ ఆటలో ఎక్కువసార్లు కత్తికి ఎరైన జీవుల్లో ఆర్క్ ఒకటి. దాన్ని శత్రువుల జాబితాలోంచి తీసి, 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మనుషులు, ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌ల పక్కన, ఆటగాళ్లు ఎంచుకునే జాతుల్లో చేర్చారు. కొందరు సంతోషించారు, కొందరు మండిపడ్డారు. ‘బాల్డర్స్ గేట్ 3’ వీడియో గేమ్ ద్వారానో, కాలేజీ స్నేహితుల ద్వారానో ఈమధ్యే ఆటలోకి వచ్చినవాళ్లకు మాత్రం అసలు తగవు ఏమిటో అంతుపట్టలేదు.

తగవంతా ‘అలైన్‌మెంట్’ అనే ఒక్క వరుస గురించి. ఆ వరుస ఇన్నేళ్లలో మూడు వేర్వేరు పనులు చేసింది: ఒక జీవి ఏ పక్షమో చెప్పింది, దాని స్వభావం ఎలాంటిదో చెప్పింది, అది దేనితో తయారైందో కూడా చెప్పింది. వాదించుకునేవాళ్లలో ఒకరు పక్షం గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు స్వభావం గురించి జవాబిస్తున్నారు. ఈ మూడింటినీ విడదీసి చూస్తే సగం గొడవ అక్కడే తేలిపోతుంది. మిగిలిన సగం మాత్రం నిజంగానే కష్టమైనది.

ఆటలో ఆ వరుస ఎక్కడుంటుంది

ఇది బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒకరు డీఎం, అంటే డంజియన్ మాస్టర్. కథ నడిపేదీ, దారిలో ఎదురయ్యే ప్రతి జీవి తరఫున మాట్లాడేదీ ఆయనే. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. తేలని విషయాన్ని పాచికలు తేలుస్తాయి. జీవుల వివరాలు స్టాట్ బ్లాక్ అనే చిన్న పెట్టెలో ఉంటాయి: ఎన్ని దెబ్బలు తట్టుకుంటుంది, ఎంత వేగంగా పరిగెడుతుంది, కాటేస్తే ఎంత నష్టం. పేరు కిందే అలైన్‌మెంట్ ఉంటుంది.

అది రెండు కొలతల కలయిక. మొదటిది లాఫుల్, న్యూట్రల్, కేయాటిక్: కట్టుబాటుకు, ఇచ్చిన మాటకు విలువిచ్చే జీవా, లేక ఏ కట్టుబాటునూ లెక్కచేయనిదా అన్నది. రెండోది గుడ్, న్యూట్రల్, ఈవిల్. మూడు మూళ్లు తొమ్మిది గడులు. మాట తప్పని క్రూరుడు లాఫుల్ ఈవిల్. ఎవరి మాటా వినని దయామయుడు కేయాటిక్ గుడ్. పులి, పాము లాంటి జంతువులకు ఈ కాలం పుస్తకాల్లో ‘అన్‌అలైన్డ్’ అని రాస్తారు, అంటే ఈ లెక్క వాటికి వర్తించదని.

డీఎం కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఈ రెండు మాటలు ఎంత పనికొస్తాయో బయటివాళ్లకు తెలియదు. ఆటగాళ్లు అనుకోకుండా పక్క దారి పట్టి, మీరు ముందుగా చదవని జీవి ముందుకొచ్చి నిలబడతారు. చేతిలో ఉన్నది అర నిమిషం. లాఫుల్ ఈవిల్ అని ఉంటే అది బేరానికి కూర్చుంటుంది, కుదిరిన బేరానికి కట్టుబడుతుంది, కానీ ఆ బేరంలో మెలిక పెడుతుంది. కేయాటిక్ ఈవిల్ అని ఉంటే నవ్వుతూ తల ఊపి, మీరు వెనక్కి తిరగ్గానే దూకుతుంది. ఈ సౌకర్యాన్ని తక్కువ చేసి చూసే విమర్శ ఏదైనా అసంపూర్ణమే.

మొదట్లో అది పక్షం మాత్రమే

ఈ ఆట యుద్ధ క్రీడల నుంచి పుట్టింది. 1971లో వచ్చిన ‘చైన్‌మెయిల్’ బల్ల మీద బొమ్మ సైనికులను కదిలిస్తూ ఆడే ఆట. దాని ఫాంటసీ విభాగంలో లా, న్యూట్రల్, కేయాస్ అని జీవులను విడదీశారు. ఎవరి సైన్యంలో ఎవరు నిలబడొచ్చో చెప్పడానికే ఆ విభజన. వెనక పౌల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ కథల ప్రభావం ఉంది. వాటిలో లా, కేయాస్ అనేవి లోకాన్ని పంచుకున్న రెండు మహాశక్తులు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో తెచ్చిన మొదటి డీ అండ్ డీలోనూ ఇవే మూడు. అప్పటి జాబితాలో ఆర్క్ పేరు రెండు చోట్ల కనిపిస్తుంది, న్యూట్రల్ కింద ఒకసారి, కేయాస్ కింద ఇంకోసారి. అంటే కొన్ని ఆర్క్‌లు ఏ పక్షమూ కావు, కొన్ని శత్రుపక్షం. ఆర్క్ నీతి గురించి అక్కడ ఎవరూ తీర్పు ఇవ్వలేదు.

1976లో గైగాక్స్ ఒక వ్యాసం రాసి రెండో కొలతను చేర్చారు. కట్టుబాటు వేరు, మంచితనం వేరు అని చెబుతూ గీసిన పటంలో జీవులను ఎక్కడెక్కడ ఉంటాయో గుర్తించి చూపించారు. ఆలోచన చక్కనిదే, ఎందుకంటే కఠినమైన చట్టంతో జనాన్ని పీడించే రాజును మొదటి పద్ధతిలో ఎక్కడ పెట్టాలో తెలియదు. కానీ దానితో ప్రశ్నే మారిపోయింది. ‘ఇది ఎవరి వైపు?’ అని అడిగే చోట ‘ఇది ఎలాంటిది?’ అని అడగడం మొదలైంది. మరుసటి ఏడాది మాన్‌స్టర్ మాన్యువల్‌లో ప్రతి జీవికీ అలైన్‌మెంట్ వరుస వచ్చేసింది. అక్కడ ఆర్క్ లాఫుల్ ఈవిల్.

ఆ తర్వాత కథ ఇంకా చిత్రమైనది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ అదే ఆర్క్‌ను కేయాటిక్ ఈవిల్ చేసింది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లోనూ అదే. అంటే దాదాపు పాతికేళ్లు క్రమశిక్షణ గల దుష్టుడిగా ఉన్న జీవి ఒక్క పుస్తకంతో అరాచక దుష్టుడైంది. పుట్టుకతో వచ్చిన మార్పులేని స్వభావం గురించి అంత గట్టిగా వాదించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

‘తరచుగా’ అంటే ఎంత?

మూడో ఎడిషన్‌ను చాలామంది లెక్కల పుస్తకమని విసుక్కుంటారు. నాకు మాత్రం ఈ విషయంలో అన్నిటికన్నా నిజాయితీగా ఆలోచించింది అదే అనిపిస్తుంది. అలైన్‌మెంట్ ముందు అది మూడు మాటల్లో ఒకటి పెట్టింది: ‘ఎప్పుడూ’, ‘సాధారణంగా’, ‘తరచుగా’. వాటి అర్థం కూడా వివరించింది. ‘ఎప్పుడూ’ అంటే పుట్టుకతోనే ఆ అలైన్‌మెంట్. మినహాయింపు ఉంటే పది లక్షల్లో ఒకటి. ‘సాధారణంగా’ అంటే సగానికి పైగా. ‘తరచుగా’ అంటే నూటికి 40 నుంచి 50.

రాక్షస లోకపు డీమన్‌లకు ‘ఎప్పుడూ’. గుహల్లో ఉండే పొట్టి జీవులు గోబ్లిన్‌లకు ‘సాధారణంగా’. ఆర్క్‌లకు ‘తరచుగా’. ఈ లెక్కన నూరు ఆర్క్‌లున్న గుడారాల మీద అర్ధరాత్రి దాడి చేస్తే, కేయాటిక్ ఈవిల్ అయినవి యాభైకి మించవు. మిగతా యాభై, అరవై ఇంకేదో. వాటిలో ఇతర రకాల దుష్టులూ ఉండొచ్చు, మామూలువాళ్లూ ఉండొచ్చు, ఒకరిద్దరు మంచివాళ్లూ ఉండొచ్చు. స్టాట్ బ్లాక్‌లో ‘ఈవిల్’ అన్న మాట మాత్రమే చదివి, దాని ముందున్న మాటను వదిలేసి ఆడిన ఆటలే ఎక్కువ.

చేతులెత్తేసిన గోబ్లిన్

ఒక సన్నివేశం ఊహించుకుందాం. ఊరి బావిలో ఎవరో విషం కలిపారు. జాడ పట్టుకుని వెళ్తే కొండ గుహలో పన్నెండు గోబ్లిన్‌లు. పోరు ముగిసేసరికి ఒకటి మిగిలింది, కత్తి కింద పడేసి చేతులెత్తేసింది. పాలడిన్ అంటే దైవానికి వ్రతం పట్టిన యోధుడు. చెడును పసిగట్టే శక్తి ఉంటుంది, తెలిసి చెడ్డపని చేస్తే ఆ శక్తులన్నీ పోతాయి. ఆ పాత్ర ఆడుతున్న అమ్మాయి డీఎంను అడుగుతుంది.

“అన్నా, దీని మీద డిటెక్ట్ ఈవిల్ వేస్తున్నా.”

“చెడు ఉంది. మసగ్గా.”

“అయితే నరికేస్తా.”

“ఆగవే, చేతులెత్తేసింది కదా!” అంటాడు పక్కన దొంగ పాత్ర ఆడేవాడు.

ఇక్కడ అలైన్‌మెంట్‌ను పక్షంగా చదివితే ఇది యుద్ధఖైదీ. ఆయుధం పడేసిన క్షణం నుంచి దానికీ పోరుకూ సంబంధం తెగిపోయింది. స్వభావంగా చదివితే అది చెడ్డదే కావచ్చు, కానీ బావిలో విషం కలిపింది అదేనా? చంపాలంటే నేరం తేలాలి, స్వభావం సరిపోదు. ధాతువుగా చదివితే, అంటే చెడు అనేదే దాని రక్తమాంసాలైతే, వదిలేయడమంటే రేపు ఇంకో బావికి ముప్పు తెచ్చిపెట్టడమే.

ఇప్పుడు అదే పాలడిన్ ఊళ్లోకి తిరిగొచ్చి, రైతుల పొలాలు రాయించుకునే వడ్డీ వ్యాపారి మీద అదే మంత్రం వేసిందనుకోండి. మూడో ఎడిషన్ నిబంధనల ప్రకారం అక్కడా ‘చెడు ఉంది, మసగ్గా’ అనే జవాబు రావచ్చు. అతన్ని అంగట్లోనే నరికేస్తే పాలడిన్ శక్తులు పోతాయని బల్ల చుట్టూ ఉన్న అందరూ ఒప్పుకుంటారు. గోబ్లిన్ దగ్గర ఒప్పుకోరు. ఆ తేడా మంత్రం చూపించినది కాదు, మనం ముందే మోసుకొచ్చినది. కీత్ బేకర్ సృష్టించగా 2004లో వచ్చిన ‘ఎబెరాన్’ లోకం సరిగ్గా ఈ చోటునే పట్టుకుంది. అక్కడ డ్రాగన్ రంగు చూసి మంచిదో చెడ్డదో చెప్పలేం, ఆర్క్‌లలో లోకాన్ని కాపాడిన ఋషులున్నారు, ఊళ్లో మామూలు దుకాణదారుడు ఈవిల్ కావచ్చు.

ఐదో ఎడిషన్ ఈ పేచీని ఇంకో దారిలో తప్పించింది. 2014 నుంచి ఆ మంత్రం ఎవరి మనసునూ చదవదు. నరకవాసులు, దేవదూతలు, చచ్చి లేచినవి లాంటి జీవులు దగ్గర్లో ఉంటే చెబుతుంది, అంతే. 2014 పుస్తకాల ప్రకారం అది గోబ్లిన్ మీదా పనిచేయదు, వడ్డీ వ్యాపారి మీదా పనిచేయదు.

పులి, మెదడు తినే జీవి, డెవిల్

పులి మనిషిని తింటే తప్పు కాదంటుంది ఆట. మైండ్ ఫ్లేయర్ అనే జీవి బతకాలంటే ఆలోచించగల ప్రాణుల మెదళ్లు తినాలి. అది ఈవిల్. తేడా తెలివిలో ఉందని మామూలు జవాబు: పులికి ఎదుటి ప్రాణి బాధ అర్థం కాదు, మైండ్ ఫ్లేయర్‌కు అర్థమవుతుంది. కానీ దానికి వేరే ఆహారమే లేకపోతే? నేరస్తుల మెదళ్లే తింటానని అది మాటిస్తే? ‘బాల్డర్స్ గేట్ 3’ ఆడినవాళ్లు ఈ మథనం అనుభవించే ఉంటారు. అందులో తన సామూహిక మనసు నుంచి విడిపోయి స్నేహంగా మెలిగే మైండ్ ఫ్లేయర్ కూడా ఒకటుంది.

నరకవాసి అయిన డెవిల్ దగ్గర ఈ ప్రశ్నే లేదు. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఆ సంగతి తేల్చి చెప్పింది: డెవిల్ లాఫుల్ ఈవిల్‌ను ఎంచుకోదు, అటు మొగ్గు చూపదు, దాని సారమే అది, ఆ గుణం పోతే అది డెవిల్‌గానే ఉండదు. ఇక్కడ అలైన్‌మెంట్ నీతి కానే కాదు, పదార్థ లక్షణం. అదే పుస్తకం ఆర్క్ విషయంలో మధ్యలో ఎక్కడో నిలబడింది. గ్రూమ్ష్ అనే క్రూర దైవం తన సేవకు చేసుకున్న జాతి కాబట్టి పుట్టుకతోనే అటు లాగుడు ఉంటుందట. ఏ ఆర్క్ అయినా మంచిని ఎంచుకున్నా బతికినంతకాలం ఆ లాగుడుతో పెనుగులాడాల్సిందేనట. ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చినట్టూ ఉంది, ఇవ్వనట్టూ ఉంది. గొడవ రాజుకున్నది ఈ మధ్యస్థానంలోనే.

పిల్లల ప్రశ్న

గైగాక్స్ రాసిన ‘ద కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్’ కొత్తవాళ్ల కోసం చేసిన సాహసం. 1980ల్లో ఆట నేర్చుకున్న చాలామందికి అదే మొదటి మెట్టు. అందులోని గుహల్లో కోబోల్డ్‌లు, ఆర్క్‌లు కాపురముంటాయి. కాపురమనే అనాలి, ఎందుకంటే అక్కడ పోరాడని పిల్లలు కూడా ఉన్నారు. ఆ గది తలుపు తీసిన ప్రతి బృందమూ తెల్లముఖం వేసింది. వీళ్లనేం చేయాలి?

2005లో పాఠకుల ప్రశ్నలకు జవాబిస్తూ గైగాక్స్ ఈ సందర్భంలో ఈపులుంటే పేలవుతాయన్న అర్థం వచ్చే పాత ఇంగ్లిష్ సామెత వాడారు. లొంగిపోయి, చెడును వదిలేశామన్న ఖైదీలను కూడా పాలడిన్ చంపవచ్చని అన్నారు. అది మామూలు సామెత కాదు. 1864 నవంబరు 29న కొలరాడోలోని శాండ్ క్రీక్ దగ్గర షయాన్, అరాపాహో జాతుల గుడారాల మీద పడి ఆడవాళ్లనూ పిల్లలనూ చంపిన సైన్యానికి నాయకుడు కర్నల్ షివింగ్టన్. అమెరికా చరిత్రలో ఆ సామెత అతని పేరుతోనే ముడిపడి ఉంది. గైగాక్స్‌కు ఆ సంగతి తెలుసు, చర్చలో అతని పేరూ వచ్చింది. ఆయన ఆ పోలికకు వెనక్కి తగ్గలేదు.

ఇక్కడ మనకూ తగిలే సంగతి ఒకటుంది. పుట్టుకతో నేరస్తులనే ఆలోచన కొన్ని జాతుల మీద చట్టంగా అమలైన నేల మనది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి కట్టడిలో ఉంచిన స్టువర్టుపురం బాపట్ల దగ్గరే ఉంది. 1952లో ఆ ముద్ర చట్టం నుంచి తొలగింది, జనం నోళ్లలోంచి అంత తొందరగా పోలేదు. అందుకే ఒక జాతి మొత్తాన్ని ‘అనాగరికులు, మందబుద్ధులు, హింసే వాళ్ల నైజం’ అని వర్ణించే వాక్యం ఆట పుస్తకంలో కనబడినా కొందరికి గుండె కలుక్కుమంటుంది. వాళ్లు ఆర్క్‌ల కోసం బాధపడటం లేదు, ఆ వాక్యం ఇంతకు ముందు ఎవరి గురించి రాశారో గుర్తుండి బాధపడుతున్నారు.

అటువైపు వాదనలో బలమెంత

మార్పును వ్యతిరేకించేవాళ్లందరినీ మొండివాళ్లనడం అన్యాయం. వాళ్ల మాటల్లో మూడింటిని పట్టించుకోవాలి.

ఈ లోకంలో దేవుళ్లు నిజంగా ఉన్నారు, దిగొచ్చి మాట్లాడతారు, జాతులను తయారుచేస్తారు. చెడ్డ దైవం చెడ్డ పనికోసం చేసిన జీవి చెడ్డది కావడంలో తర్కదోషం లేదు; మన లోకపు మానవశాస్త్రాన్ని అక్కడికి మోసుకెళ్లడమే తప్పంటారు. ఇది గట్టి వాదనే. కానీ కథలోపల కారణం దొరికినంత మాత్రాన ఆ కారణాన్ని ఎందుకు అల్లామన్న ప్రశ్నకు జవాబు రాదు.

వారమంతా ఆఫీసులో నలిగి శనివారం రాత్రి నాలుగు గంటలు ఆడేవాళ్లకు సంశయం లేకుండా కొట్టగలిగే శత్రువు కావాలన్నది రెండోది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అయితే ఆ అవసరం తీర్చడానికి డీమన్‌లున్నాయి, చచ్చి లేచిన శవాలున్నాయి, ఊళ్లు తగలబెట్టే దోపిడీ ముఠాలున్నాయి. ముఠాలో మనుషులూ ఆర్క్‌లూ కలిసున్నా ఫరవాలేదు. వాళ్లు చేసిన పనే కారణం.

మూడోది నాకు ఎక్కువ నచ్చుతుంది. అందరూ మామూలువాళ్లే అయితే అసాధారణుడికి చోటుండదు. 1988 నుంచి ఆర్.ఏ. సాల్వటోర్ నవలల్లో వస్తున్న డ్రిజ్ట్ భూగర్భంలో బతికే డ్రౌ అనే ఎల్ఫ్‌ల క్రూరమైన సమాజం నుంచి పారిపోయి వచ్చిన మంచివాడు. డ్రౌ నగరం అంత భయంకరంగా ఉండబట్టే అతని నడతకు విలువ. కానీ చూడండి, డ్రిజ్ట్ కథ నిలబడాలంటే డ్రౌల చెడు పెంపకంలోంచి రావాలి, రక్తంలోంచి కాదు. రక్తంలోనే ఉంటే అతను పుట్టేవాడే కాదు.

మన రాక్షసుడు అక్కడికెళ్తే

1977 మాన్‌స్టర్ మాన్యువల్‌లోనే ‘రాక్షస’ పేరుతో ఒక జీవి ఉంది. భారతదేశం నుంచి తెచ్చుకున్నదే. పులి తల, పట్టు అంగీ, రూపం మార్చే మాయ. అలైన్‌మెంట్ లాఫుల్ ఈవిల్. దీవించిన క్రాస్‌బో బాణం తగిలితే చస్తుంది. ఆ బాణం రామాయణంలోది కాదు, 1970ల అమెరికా టీవీ ధారావాహిక ‘కోల్‌చాక్’లో రాక్షసుడిని చంపిన బాణం. ఐదో ఎడిషన్‌కు వచ్చేసరికి వీళ్లు నరకంలో పుట్టిన జీవులు, డెవిల్‌ల కోవ.

ఆ నిబంధనల కింద విభీషణుడిని తయారుచేయబోతే కుదరదు. సారమే చెడు అయిన చోట అన్న ముఖం మీదే ధర్మం చెప్పి సభ వదిలి వచ్చే తమ్ముడికి తావులేదు. పోతన ప్రహ్లాదుడు, అడిగింది కాదనలేని బలి అసలే కుదరరు. కానీ 1974 నాటి పద్ధతిలో ఘటోత్కచుడు ఇట్టే ఇమిడిపోతాడు. రాక్షసుడే, పాండవపక్షం, అంతే. మూడో ఎడిషన్ ‘సాధారణంగా’ కింద విభీషణుడికీ చోటుంది. మన కథల్లో రాక్షసత్వం కులంగా ఒకచోట, నడతగా ఒకచోట, శాపంగా ఇంకోచోట కనబడుతుంది. జయవిజయులైతే వైకుంఠ ద్వారపాలకులై ఉండి శాపవశాన రాక్షసులై పుట్టారు. ఆ వైవిధ్యమంతా ‘రాక్షస’ స్టాట్ బ్లాక్‌లోకి వచ్చేసరికి రెండు మాటలకు కుదించుకుపోయింది. తెలుగువాళ్లు నడిపే ఆటల్లో ఈ జీవిని వాడేటప్పుడు ఆ వరుసను కొట్టేసి రాసుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

పుస్తకాలు ఎటు వెళ్తున్నాయి

2020 జూన్‌లో ఆట ప్రచురణకర్తలు విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ ఒక ప్రకటన చేశారు. ఆర్క్‌లనూ డ్రౌలనూ వర్ణించిన తీరు నిజ జీవితంలో కొన్ని జాతులను కించపరిచిన తీరును తలపించిందని ఒప్పుకుని, ఇకపై వాళ్లనూ మిగతా మనుషుల్లాగే చూపిస్తామన్నారు. 2021లో ఒక సాహస సంకలనంలో అలైన్‌మెంట్ వరుసనే ఎత్తేశారు. డీఎంలు ఇబ్బంది పడ్డారో ఏమో, అదే ఏడాది తర్వాతి పుస్తకాల్లో ‘సాధారణంగా’ అనే మాట ముందు చేర్చి తిరిగి తెచ్చారు. ఇరవై ఏళ్ల క్రితం మూడో ఎడిషన్ చూపిన పరిష్కారం దగ్గరికే తిరిగొచ్చినట్టయింది.

పోటీ ఆట ‘పాథ్‌ఫైండర్’ ఇంకా దూరం వెళ్లింది. 2023లో డీ అండ్ డీ నిబంధనలను ఇతరులు వాడుకునే లైసెన్సుపై వివాదం వచ్చాక పైజో సంస్థ తన నిబంధనలను తిరగరాస్తూ అలైన్‌మెంట్‌ను పూర్తిగా తీసేసింది. దైవశక్తితో నిజంగా ముడిపడిన జీవులకు మాత్రం ‘హోలీ’, ‘అన్‌హోలీ’ అనే గుర్తులు మిగిల్చింది. పాత్రల స్వభావానికి వాళ్లు పాటించే నియమాలు, ఎన్నటికీ చేయని పనులు రాసుకోమంది. అంటే ధాతువును ఒక పక్క, స్వభావాన్ని ఇంకో పక్క పెట్టి మధ్యలో గోడ కట్టింది. 1978 నుంచి ‘రూన్‌క్వెస్ట్’ ఆట అసలు అలైన్‌మెంటే లేకుండా నడుస్తోంది కాబట్టి ఇది సాధ్యమేనని ఎప్పుడో తేలిన విషయం.

డీ అండ్ డీ 2025లో ఎంచుకున్న దారి వేరు. ఆర్క్‌ను జాబితాలోంచి తీసేసింది. డీఎంకు ఆర్క్ దోపిడీదారు కావాలంటే మామూలు దోపిడీదారు స్టాట్ బ్లాక్ తీసుకుని ఆర్క్‌గా చూపించుకోవచ్చు. గోబ్లిన్‌లను మనుషుల తరగతి నుంచి మార్మిక లోకపు ‘ఫే’ తరగతికి మార్చింది. హైనా ముఖాల నోల్‌లను ఏకంగా ఫీండ్‌లలో, అంటే నరకవాసుల తరగతిలో కలిపేసింది. యీనోఘు అనే డీమన్ ప్రభువు వేట మిగులు తిన్న హైనాలే నోల్‌లయ్యాయన్న పాత కథ ఉంది కాబట్టి దీనికి ఆధారం లేకపోలేదు. ఇప్పుడు నోల్‌ను చంపితే ఎవరూ ప్రశ్నించరు, డిటెక్ట్ మంత్రం కూడా దాన్ని పసిగడుతుంది. కానీ ఎబెరాన్‌లో డీమన్ ప్రభువులను కాదని, ఎవరికీ తలవంచబోమని ప్రతిజ్ఞ చేసి, కూలికి కాపలా కాస్తూ బతికే నోల్ తెగ ఒకటి ఎన్నో ఏళ్లుగా ఉంది. ఆ తెగవాడిని పాత్రగా తీసుకుని నడుస్తున్న ఆటలో, కొత్త పుస్తకం ప్రకారం అతనేమిటో ఆ బల్ల దగ్గరి డీఎమ్మే తేల్చుకోవాలి.